నేలబారు తూనీగ

జరిగింది ఏదైనా సరే, ముందుగా అనుకున్న ప్రకారమే జరిగిందని పత్రికలవాళ్లకు చెప్పడం నా ఉద్యోగం. దీన్ని పౌరసంబంధాలు అంటారు. కళింగాంధ్ర మోటారు సంస్థలో నన్ను ఈ పనికి తీసుకున్నప్పుడు, అబద్ధాలు చెప్పాల్సి వస్తుందేమోనని మా ఆవిడ భయపడింది. అబద్ధం చెప్పాలంటే ముందు నిజమేమిటో తెలియాలి కదా, మా ఆఫీసులో ఆ ప్రమాదం చాలా తక్కువ అని ధైర్యం చెప్పాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

మా సంస్థ ప్రభుత్వానిది. గుమ్మలవలస దగ్గర జీడితోటల మధ్య ఉంది. చెత్తబళ్లు, నీళ్ల ట్యాంకర్లు తయారు చేస్తాం. అవిగాక తూనీగ. తూనీగ స్పోర్ట్స్ కారు. ప్రభుత్వ సంస్థకు స్పోర్ట్స్ కారు ఏమిటని అడగకండి. చెత్తబళ్ల డిజైనుకని ఉద్యోగంలో చేరిన జామి సీతామాలక్ష్మి గారు, ఆ పని అయిపోయాక తీరిక వేళల్లో గీసుకున్న బొమ్మ అది. ఒకసారి ఒక మంత్రిగారు తనిఖీకి వచ్చి, ఆ బొమ్మను కూడా చెత్తబండి బొమ్మే అనుకుని సంతకం పెట్టేశారు. సంతకం పడ్డాక బండి తయారు కాకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. అలా పుట్టింది తూనీగ.

అందులో ఇద్దరే కూర్చోవచ్చు. ఎక్కేటప్పుడు నడుము, దిగేటప్పుడు మోకాళ్లు పలకరిస్తాయి. రోడ్డెక్కిందంటే మాత్రం చూడాల్సిందే. రెండు రకాలు చేసేవాళ్లం. ఒకటి మామూలు తూనీగ: అద్దాలకు చేత్తో తిప్పే పిడి, గుడ్డ సీట్లు, ఇనప చక్రాలు. పాటలు కావాలంటే పక్కన కూర్చున్నవాళ్లు పాడాలి. రెండోది తూనీగ మహారాజ: తోలు సీట్లు, బటన్ నొక్కితే దిగే అద్దాలు, వేలితో తాకితే వెలిగే తెర, నేలకు ఇంకాస్త దగ్గరగా వంగిన వయ్యారం. ఇంజను రెండింటికీ ఒకటే. ఆ సంగతి మహారాజ కొనేవాళ్లకు చెప్పం, మామూలుది కొనేవాళ్లకు తప్పకుండా చెబుతాం.

మామూలు తూనీగను డ్రిల్లు మాస్టర్లు, కొత్తగా బోర్డు కట్టిన పళ్ల డాక్టర్లు, జీడిపప్పు బ్రోకర్లు విరివిగా కొనేవారు. మహారాజను ఎప్పుడో ఒక కాంట్రాక్టరు కొడుకు కొనేవాడు. ప్రభుత్వం మాకు పెట్టిన షరతు ఒకటే. ఏ ఏడాది తూనీగ తన తిండి తాను సంపాదించుకోలేదో, ఆ ఏడాది దాని షెడ్డును గోనెసంచుల గోదాముకు అప్పగించాలి. పౌరసరఫరాలవాళ్లు ఏటా మార్చిలో వచ్చి, షెడ్డులో ఎన్ని కట్టలు పడతాయో కళ్లతోనే కొలుచుకుని, టీ తాగి వెళ్లిపోయేవారు. వాళ్లు వచ్చిన రోజు సీతామాలక్ష్మి గారు అన్నం తినేవారు కాదు. పెళ్లి చేసుకోమని ఇంట్లో అడిగితే, తూనీగ నిలదొక్కుకున్నాక చూద్దామని ఆవిడ ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చిన మనిషి.

పరంజ్యోతి గారు మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చేదాకా బండి చల్లగా సాగింది. ఆయన అంతకుముందు పట్టుపురుగుల శాఖలో ఉండేవారు. మోటారు బళ్ల గురించి తనకేమీ తెలియదని ఆయనే చెప్పుకునేవారు. పట్టుపురుగుల గురించి కూడా అలాగే చెప్పుకుని అక్కడ ప్రశంసాపత్రాలు పుచ్చుకున్నారు. హోదాకు తగ్గట్టు ఆయనకు ఎర్ర మహారాజ ఒకటి కేటాయించాం. సెలవురోజుల్లో డ్రైవరును పంపేసి స్వయంగా నడుపుకోవడం ఆయన సరదా.

ఒక ఆదివారం ఆయన భీమిలి దగ్గర ఒక పెళ్లికి వెళ్లారు. భోజనాలయ్యాక, బళ్లు పెట్టించే మనిషి ఎర్ర తూనీగ ముందుకు తెచ్చి తాళం చేతికిచ్చాడు. ఆయన ఎక్కి వచ్చేశారు. దారంతా బండి మాట వింటోందని, మలుపుల దగ్గర ముచ్చటగా తిరుగుతోందని మురిసిపోయారట. టోల్‌గేటు దగ్గర అద్దం దించుదామని బటన్ వెతికారు. బటన్ లేదు. వెనక లారీలు హారన్లు మోగిస్తుంటే తలుపంతా తడిమారు. ఒక పిడి తగిలింది. అది ఎటు తిప్పాలో తెలియక గట్టిగా లాగితే చేతికి ఊడి వచ్చింది. అప్పుడు పక్కకు చూస్తే సీటు మీద జీడిపప్పు శాంపిల్ సంచులు కనబడ్డాయి.

ఆ బండి పలాస బ్రోకరు బల్లెడ వైకుంఠరావుది. ఆయన పాపం పెళ్లిమండపం దగ్గరే మహారాజకు కాపలా కూర్చున్నాడు. బళ్లు మార్చుకునేటప్పుడు కోప్పడలేదు, పైగా ఒక శాంపిల్ సంచి పరంజ్యోతి గారి చేతిలో పెట్టాడు. పిడి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. కోపమంతా పరంజ్యోతి గారికే వచ్చింది.

మర్నాడే ప్రతిష్ఠా పరిరక్షణ సమావేశం పెట్టారు. నేను చివరి కుర్చీలో కూర్చుని రాసుకున్నాను.

"పట్టుచీరలో ఒక్క నూలుపోగు కలిసినా అది పట్టుచీర అనిపించుకోదు," అన్నారు పరంజ్యోతి గారు. "మామూలు తూనీగ అనేది మన మహారాజలో కలిసిన నూలుపోగు. ఒక చౌకరకం బండి, సంస్థాధిపతికే తేడా తెలియనంత బాగా పరిగెత్తడమంటే అది క్రమశిక్షణారాహిత్యం. ఇది నిన్న నా దృష్టికి వచ్చింది."

సీతామాలక్ష్మి గారు లేచి నిలబడ్డారు.

"సార్, రెండు బళ్లకీ తలుపు అచ్చు ఒకటేనండి. రేకు పెట్టి నొక్కేటప్పుడు అది మహారాజ తలుపో డ్రిల్లు మాస్టారి తలుపో ప్రెస్సుకి తెలీదు. ఆ ప్రెస్సు ఖర్చూ అచ్చు ఖర్చూ మామూలు బండి కొన్నవాళ్లందరూ తలా కాస్తా మోస్తన్నారు. వాళ్లని దించేస్తే బరువంతా మహారాజ ఒక్కదాని మీద పడతాది, అది మొయ్యలేదు. నేల టికెట్టోళ్లు రాకపోతే బాల్కనీవాళ్ల కోసం ఎవరూ బొమ్మ వెయ్యరండి."

పరంజ్యోతి గారు ఆ పోలికను సమావేశ నివేదికలోంచి తీసేయమన్నారు. నేల అనే మాటే సంస్థ స్థాయికి తగదన్నారు. తరవాత ఇంగ్లీషులో ఒక సర్క్యులరు చెప్పి రాయించారు. ఇకమీదట బేస్ మోడల్ ఏదీ ఫ్యాక్టరీ గేటు దాటరాదు, ఉత్పత్తుల స్థాయిని తక్షణం పెంచాలి, అని దాని సారాంశం.

ప్రభుత్వ సంస్థ కాబట్టి ఏ సర్క్యులరైనా తెలుగులోకి వెళ్లాలి. వెళ్లాక తెలుగు ప్రతే ప్రామాణికం. ఆ పని మా భాషాధికారి అయ్యగారి విశ్వపతి గారిది. ఆయన మాటను తూచి వాడే మనిషి. చెత్తబండికి 'వ్యర్థవాహిని' అని పేరు పెట్టింది ఆయనే. 'బేస్' అన్న మాట దగ్గర ఆయన రెండు కాఫీలు తాగారు. ముందు 'ఆధార నమూనా' అని రాశారు. చదువుకుంటే 'ఆధార నమూనాలను తొలగించడమైనది' అని వచ్చింది. ఆధారం తీసేస్తే మీదున్నది కూలుతుంది, ఇది అశుభంగా ఉందని కొట్టేశారు. పైగా ఆధార నమూనా అంటే జనం ఆధార్ జెరాక్సులు పట్టుకొస్తారన్నారు. అప్పుడు సమావేశంలో విన్న నేల టికెట్టు మాట ఆయన చెవిలో మోగింది. తక్కువరకం దేన్నయినా నేలబారు అనే అంటాం కదా. అచ్చతెనుగు మాట, అందరికీ తెలిసిన మాట. సర్క్యులరు ఇలా వెలువడింది:

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇకపై నేలబారు వాహనమేదియు కర్మాగార ద్వారము దాటరాదు. ఉత్పత్తుల స్థాయిని తక్షణమే పెంచవలెను."

సేల్స్ విభాగం ఇంగ్లీషు ప్రతి చదివింది. మామూలు తూనీగ బుకింగులన్నీ రద్దు చేసింది. క్వాలిటీ విభాగం తెలుగు ప్రతి చదివింది.

క్వాలిటీకి అధిపతి పొట్నూరు దాలినాయుడు గారు. ఆయనకు ఒక్కటే గుణం, రాసి ఉన్నది చేస్తారు. నేలబారు అంటే నేలను ఆనుకుని ఉండేది. మా బళ్లలో నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఏది? మహారాజ. ఆయన గేటు దగ్గర మహారాజను ఆపించి, ఎంత ఎత్తు వరకు నేలబారో నిర్వచనం తెప్పించుకుని అప్పుడు కదలనిస్తానన్నారు. విశ్వపతి గారు నిఘంటువులు తిరగేసి, 'భూమికి జానెడు లోపల సంచరించునది' అని పంపారు. ఎవరి జాన అని దాలినాయుడు గారు మళ్లీ అడిగారు. మనిషి మనిషికీ జాన మారుతుంది కదా, ఆ అనుమానంలో తప్పేమీ లేదు. సంస్థకు సంబంధించినంత వరకు సంస్థాధిపతి జానే ప్రమాణమని సమాధానం వచ్చింది.

పరంజ్యోతి గారి చేతిని కాగితం మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీశారు. వడ్రంగి దాన్ని టేకుచెక్కలో కోసి, నున్నగా చిత్రిక పట్టి, వార్నిష్ వేసి, కింద పిడి బిగించాడు. దానికి 'అధికారిక జాన' అని పేరు. క్వాలిటీ గది గోడకు గొలుసుతో వేలాడేది. బండి కింద అది నిటారుగా దూరి అవతలకు వస్తే పాసు, తగిలితే ఫెయిలు. మహారాజ కింద అది మొదటి వేలు దగ్గరే ఆగిపోయింది.

అలా ఒకే సర్క్యులరుతో మా రెండు బళ్లూ ఆగిపోయాయి, ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో. తెలుగు ప్రతి సవరించుకుంటే పోయేది. కానీ మోటారు ఫ్యాక్టరీలో ఇంత తేటతెలుగు సర్క్యులరు రావడం ఇదే మొదటిసారని భాషాభివృద్ధి విభాగం మెచ్చుకుని, దానికి రాష్ట్రస్థాయి ప్రశంస ప్రకటించింది. సర్క్యులరుకు ఫ్రేము కట్టించి రిసెప్షన్లో పెట్టాం. బహుమతి వచ్చిన మాటను దిద్దడానికి పరంజ్యోతి గారు ఒప్పుకోలేదు. సర్క్యులరు సరిగ్గానే ఉంది, బళ్లే తప్పుగా ఉన్నాయి, వాటినే సరిచేయండి అన్నారు.

తూనీగ షెడ్డులో ప్రెస్సు ఆగిపోయింది. ఆ చప్పుడు మాకెంత అలవాటంటే, అది ఆగిన రోజు క్యాంటీనులో అందరూ గట్టిగట్టిగా మాట్లాడుకుని నాలిక కరుచుకున్నారు. అప్పుడే వైకుంఠరావు వచ్చాడు. బండి కిటికీకి ఎరువుల సంచి కట్టి ఉంది. పిడి ఊడిన దగ్గర్నుంచి అద్దం దిగిపోయి పైకి రావడం లేదు. కొత్త పిడి ఇమ్మని సర్వీసు కౌంటరులో అడిగితే, ఆ రకం బండి ఇప్పుడు లేదన్నారు. నేను ఎక్కి వచ్చాను కదా బాబూ అంటే, మీరు ఎక్కి వచ్చి ఉండవచ్చు కానీ బండి లేదన్నారు. ఆ గొడవకు నన్ను పిలిపించారు. నేను ఆయన్ను సీతామాలక్ష్మి గారి దగ్గరికి తీసుకెళ్లాను.

"నానేటి మహారాజ అడిగినానా అమ్మా? ఒక్క పిడి అడిగినాను. ఇరిచీసింది మీ సారే, నాను ఎవులితోనూ అన్నేదు," అన్నాడు వైకుంఠరావు. "పిడి నేదంటే నేదన్నారు, పోనీ. ఇంకన్నుంచి బండే సెయ్యరంట గదా. మరి మహారాజ ఎవులికి అమ్ముతారమ్మా? ఆ కాంట్రాక్టరు గుంటడు ఎల్తుంటే, అదిగో మన తూనీగ, అనీసి సెయ్యూపినోలం మాం. మాకూ ఓటి ఉన్నాది గాబట్టి ఊపినాం. మాకే నేకపోతే ఊపుతామేటి? ఎవులూ సూడని కాడ ఆడు మాత్రం అది కొని ఏటి సేసుకుంటాడు?"

సీతామాలక్ష్మి గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు అంతకుముందు ఆవిడ ఏడవడం తెలియదు. మా షెడ్డులో ఒక్క పిడి కూడా లేదని, స్క్రాపువాళ్లు పట్టుకెళ్లిపోయారని చెప్పి, ఆవిడ వైకుంఠరావుకు క్షమాపణ చెప్పారు. వైకుంఠరావు బాధపడి, అయ్యో దానికేటమ్మా, విశాఖపట్నంలో ఏదో షాపులో చూసుకుంటానని వెళ్లిపోయాడు. అక్కడ ఆయన బటన్ అద్దాలే పెట్టించుకున్నాడు. ఆ పనిలో పనిగా సీట్లకు తోలు తొడుగులు, వేలితో తాకితే వెలిగే తెర కూడా పెట్టించాడని తరవాత తెలిసింది.

ఇక మహారాజ స్థాయి పెంచే పని మొదలైంది. చెత్తబళ్ల స్ప్రింగులు తెచ్చి బిగించారు. అధికారిక జాన హాయిగా దూరిపోయింది. ఎక్కడానికి కాలు అందకపోతే ఒక ముక్కాలిపీట ఇచ్చాం, దానికి విశ్వపతి గారు 'ఆరోహణ పీఠం' అని పేరు పెట్టారు. మామూలు బండి మోసే ఖర్చంతా దీని మీద పడి, దాని ధర విన్న ఒక కాంట్రాక్టరు కొడుకు, ఇంతకంటే విదేశీ బండి చవక కదా అని నన్నే సలహా అడిగాడు. 'దేశంలోకెల్లా ఎత్తయిన స్పోర్ట్స్ కారు' అని నేను పత్రికా ప్రకటన రాశాను. అది నిజమే, ఎవరూ ఖండించలేదు. ఎవరూ కొనలేదు కూడా.

మార్చి వచ్చింది. ఈసారి పౌరసరఫరాలవాళ్లు కళ్లతో కొలవడానికి రాలేదు, టేపు తెచ్చారు. వెనకాలే లారీలో గోనెసంచులు కూడా వచ్చి గేటు బయట ఆగాయి. రాజధాని నుంచి ప్రభుత్వ కార్యదర్శి గారు రెండు పనుల మీద వస్తున్నారు. ఒకటి, తెలుగు సర్క్యులరుకు ప్రశంసాపత్రం అందజేయడం. రెండు, తూనీగ షెడ్డును ఉంచాలా తీసేయాలా తేల్చడం. ఆవిడ సర్వీసు చివర్లో ఉన్న మనిషి, తొందరగా మాట్లాడేవారు కాదు. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారి మోటారు సైకిలు వెనక కూర్చుని చాలా తిరిగానని చెప్పి, ముందు బండి చూద్దాం, పత్రం తరవాత ఇస్తానన్నారు.

మహారాజను టెస్టు ట్రాకు మీదికి తెచ్చారు. దాలినాయుడు గారు తెల్ల చేతితొడుగులు వేసుకుని, గొలుసు విప్పిన అధికారిక జానను బండి కింద దూర్చి తీశారు. అందరం చప్పట్లు కొట్టాం. పీఠం వేశారు. కార్యదర్శి గారు పీఠాన్నీ బండినీ చూసి, ముందు మీరు నడిపి చూపించండి అన్నారు. పరంజ్యోతి గారు కోటు బొత్తాం పెట్టుకుని ఎక్కారు.

మొదటి మలుపు దాకా బాగానే ఉంది. మలుపులో బండి పల్లకీలా ఒక పక్కకు ఒరిగి, ఆలోచించుకుని, రెండో పక్కకు ఒరిగింది. రెండో మలుపులో పరంజ్యోతి గారి ముఖం కిటికీలో ఒకసారి కనబడి మాయమైంది. మూడో మలుపు దగ్గర బండి ఆగింది. ఆయన తలుపు తీశారు, పీఠం ఇక్కడ మా దగ్గరే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. దూకారు. ఆ పొద్దున తిన్న పెసరట్టు ట్రాకు పక్కన విడిచిపెట్టారు. పరిగెత్తుకెళ్లి మంచినీళ్లు ఇచ్చాం.

ఆ స్ప్రింగులు తీసేస్తే ఎలా ఉంటుందని కార్యదర్శి గారు అడిగారు. బ్రహ్మాండంగా ఉంటుంది గానీ నేలబారు అయిపోతుందని, గేటు దాటనివ్వడం కుదరదని దాలినాయుడు గారు వినయంగా చెప్పారు. కార్యదర్శి గారు ఫ్రేములో ఉన్న సర్క్యులరు తెప్పించుకుని చదివారు. బాగుందన్నారు. మరి దీనికి లోబడి, మనిషి కూర్చుని నడపగలిగే బండి ఈ ఫ్యాక్టరీలో ఏదైనా ఉందా అని అడిగారు. గేటు బయట లారీ ఇంజను ఆగకుండా నడుస్తోంది.

"ఒకటి ఉందండి," అన్నారు సీతామాలక్ష్మి గారు.

వైకుంఠరావును ఆవిడే ముందురోజు రమ్మని కబురు పెట్టారట, నాకు కూడా చెప్పలేదు. ఆయన ఎర్ర తూనీగను మెల్లగా ట్రాకు మీదికి తెచ్చి ఆపాడు. దాలినాయుడు గారు ఆ బండి ఏ రకమని అడగలేదు. అడగమని ఎక్కడా రాసి లేదు. వంగి అధికారిక జానను దాని కింద పెట్టారు. ఇనప చక్రాలు, లావు టైర్లు. పరంజ్యోతి గారి చెయ్యి ఎలాగూ చిన్నది. జాన వెంట్రుకవాసిలో అవతలకు వచ్చేసింది.

"నేలబారు కాదు. పాసు," అన్నారు దాలినాయుడు గారు.

పరంజ్యోతి గారు మూతి తుడుచుకుంటూ వచ్చి, మేడమ్, అది బేస్, అనబోయారు. సర్క్యులరులో ఆ మాట లేదని విశ్వపతి గారు ఆయన చెవిలో చెప్పారు. తెలుగు ప్రతే ప్రామాణికమని, ప్రశంస దానికే వచ్చిందని కూడా చెప్పారు. ఈలోపు కార్యదర్శి గారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బండిలో కూర్చున్నారు. ట్రాకు చుట్టూ తిరిగారు. ఆపకుండా మళ్లీ తిరిగారు. దిగేటప్పుడు మోకాళ్లు పట్టుకున్నాయి గానీ ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"ఇది ఉండగా ఆ పల్లకీ ఎందుకు చేశారు?" అని అడిగారు.

"ఇదే మా సంకల్పం మేడమ్," అన్నారు పరంజ్యోతి గారు.

షెడ్డు ఉంచమని అక్కడికక్కడే ఉత్తర్వు వచ్చింది. లారీ గోనెసంచులతో సహా వెనక్కి తిరిగింది. పాస్ అయిన బండికి ప్రత్యేకంగా ఒక పేరు ఉండాలని పరంజ్యోతి గారు విశ్వపతి గారిని అడిగితే, సీతామాలక్ష్మి గారు కల్పించుకున్నారు. విశ్వపతి గారూ, మీరు కొట్టేసిన మాట ఒకటుంది, అది నాకు ఇచ్చేయండి అన్నారు. అలా మామూలు తూనీగ 'ఆధార నమూనా' అయింది. తొలగించడం కాదు, నిలబెట్టడం కాబట్టి అశుభమేమీ లేదని విశ్వపతి గారు కూడా ఒప్పుకున్నారు. అమ్మకాల మొదటి రోజున జనం ఆధార్ జెరాక్సులు పట్టుకొచ్చిన మాట నిజమే. వచ్చినవి తీసుకున్నాం, కాదనడమెందుకు.

ప్రెస్సు మళ్లీ మోగింది. అది మోగుతుంటే మధ్యమధ్య కొన్ని తలుపులు తోలు తొడుక్కుని పక్కకు వెళ్లేవి. వాటితో సీతామాలక్ష్మి గారు స్ప్రింగులు లేని మహారాజలు అప్పుడొకటి ఇప్పుడొకటి కట్టించేవారు. గేటు దాటకూడదు కాబట్టి కొన్నవాళ్లే లోపలికి వచ్చి, గేటు తప్పించి గోడ పక్క దారిలో వాటిని తీసుకెళ్లేవారు. నిషేధించిన బండి అనేసరికి కాంట్రాక్టరు కొడుకులు సిఫార్సులు తెచ్చుకున్నారు. వెనక 'నేలబారు' అని బంగారు రంగు అక్షరాలతో రాయించమని వాళ్లే అడిగారు.

సంస్థాధిపతి మాత్రం సంస్థ సర్క్యులరును మీరకూడదు కదా. పరంజ్యోతి గారి నేలబారు మహారాజను స్వాధీనం చేసుకుని షెడ్డు మూల గుడ్డ కప్పి పెట్టాం. ఆయనకు ఎర్ర ఆధార నమూనా ఒకటి ఇచ్చాం. ఆయన దాన్ని గౌరవంగానే నడిపేవారు గానీ, టోల్‌గేటు దగ్గరకు వచ్చేసరికి కొంచెం చిన్నబుచ్చుకునేవారు.

మొన్న వైశాఖంలో విజయనగరంలో మరో పెళ్లి. భోజనాలయ్యాక బళ్లు పెట్టించే మనిషి ఎర్ర తూనీగ తెచ్చి తాళం ఇచ్చాడు. ఆయన ఎక్కి వచ్చేశారు. టోల్‌గేటు దగ్గర అలవాటు కొద్దీ పిడి కోసం చెయ్యి చాపితే బటన్ తగిలిందట. నొక్కితే అద్దం దిగింది. సీటు చూస్తే తోలు. ముందు తెర వెలుగుతోంది. సోమవారం ఉదయాన్నే నన్ను పిలిచారు. ఉత్పత్తుల స్థాయి పెంచాలని తాను ఇచ్చిన ఆదేశం ఇన్నాళ్లకు కింది స్థాయి దాకా చేరిందని, సిబ్బంది ఎవరూ చెప్పకుండానే తన బండిని మెరుగుపరిచారని, ఇది పత్రికల్లో రావాలని అన్నారు. బల్ల మీద జీడిపప్పు సంచి ఉంది. అది కూడా సిబ్బంది అభిమానమేనని నాకు కొన్ని పలుకులు పెట్టారు. తిన్నాను.

మధ్యాహ్నం వైకుంఠరావు వచ్చాడు, పరంజ్యోతి గారి పిడి బండి ఎక్కి. "మీ సారు బండి తెచ్చినాను. నాది ఇచ్చీండి. శాంపిల్ సంచి ఉన్నాది అందులో, అడిగితే బాగోదు," అన్నాడు. నేను ఆయన్ను వెంటబెట్టుకుని సీతామాలక్ష్మి గారి దగ్గరికి పరుగెత్తాను. వెంటనే వెళ్లి ఎండీ గారికి చెప్పి బళ్లు మార్పించేద్దామన్నాను. ఆవిడ ప్రెస్సు ఆపమని సైగ చేయలేదు, ఆ మోతలోనే నా మాట విన్నారు. తరవాత షెడ్డు మూలకు వెళ్లి గుడ్డ లాగేశారు. ఎర్ర మహారాజ దుమ్ము లేకుండా తళతళలాడుతోంది.

"ఇది తీసుకెళ్లండి వైకుంఠరావు గారూ. ఎక్కకూడని బండి, ఇక్కడ దీన్ని అడిగేవాళ్లు లేరు," అన్నారు ఆవిడ.

వైకుంఠరావు దాని చుట్టూ తిరిగి, వంగి కింద చూశాడు. "ఇది నేలబారుది గదమ్మా," అన్నాడు అనుమానంగా. కానీ అప్పటికే లోపల కూర్చున్నాడు.

మరి ఎండీ గారి సంగతేమిటని నేను అడిగాను.

"ఆయన్ని ఆ బండే ఉంచుకోనీయండి పీఆర్వో గారూ," అన్నారు సీతామాలక్ష్మి గారు. "తేడా తెలిసిందంటే ఆయన మళ్లీ సర్క్యులర్ రాయిస్తారు."